హెచ్.ఆర్. అంటే చిరునవ్వొక్కటే కాదు

అమెరికాలో కొత్త ఉద్యోగంలో చేరిన రోజున మనకు ముందుగా ఎదురయ్యేది హెచ్.ఆర్. వాళ్ళే. "కలుపుగోలుగా మాట్లాడగలిగితే చాలు, ఆ పని ఎవరైనా చెయ్యొచ్చు" అని మనలో చాలామందిమి అనుకుంటాం. ఒక్క ఐ-9 ఫారం చూస్తే చాలు, అదెంత పొరపాటో తెలుస్తుంది.

1986 నాటి చట్టం ప్రకారం, మనం పనిలో చేరిన మూడు పనిదినాల్లోగా కంపెనీ మన పత్రాలు చూడాలి. ప్రభుత్వం ఇచ్చిన జాబితాలోంచి ఏవి చూపాలో ఎంచుకునే హక్కు మాత్రం మనదే. డ్రైవింగ్ లైసెన్సు, షరతులు లేని సోషల్ సెక్యూరిటీ కార్డు చూపితే సరిపోతుంది. పేరునో, యాసనో బట్టి "గ్రీన్ కార్డే తెండి" అంటే అది చట్టవిరుద్ధమైన వివక్ష.

ఇలాంటివి తెలియాలనే ఈ వృత్తికీ పరీక్షలున్నాయి. 1948లో మొదలైన హెచ్.ఆర్. నిపుణుల సంఘం ఎస్.హెచ్.ఆర్.ఎం. 2015 నుంచి సొంత పరీక్షలు పెడుతోంది. చట్టం తెలుసా అన్నదే కాదు, చిక్కొచ్చినప్పుడు ఏం చేస్తారన్నదీ అందులో అడుగుతారు. ప్యాసయ్యాక కూడా మూడేళ్ళలో 60 క్రెడిట్లు సంపాదించాలి, లేదా మళ్ళీ పరీక్ష రాయాలి.

అయితే ఆ కుర్చీలో కూర్చోడానికి సర్టిఫికెట్టు తప్పనిసరేమీ కాదు. కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉండాలి. పత్రాల జాబితా ఐ-9 ఫారంతోనే ఉంటుంది. సంతకం చేసేముందు ఒక్కసారి చదవండి.