బొమ్మల క్లాసు ఎవరి కోసం?

బడిలో బొమ్మల క్లాసు అనగానే అదేదో కడుపు నిండినవాళ్ళ వ్యవహారమని మనలోనే చాలామంది అనుకుంటారు. "బొమ్మలేస్తే కూడొస్తదేటి?" అని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తల్లిదండ్రులు అడుగుతారు. ఆ ప్రశ్నని తీసిపారెయ్యలేం. దాని వెనక ఒక చరిత్ర ఉంది.

1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లె బడుల కోసం ఒక పథకం తెచ్చాడు. బడి రోజుకి మూడు గంటలే. మిగతా వేళ పిల్లలు తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన ప్రాంతమూ మద్రాసు రాష్ట్రంలోదే. కమ్మరి పిల్లవాడు కొలిమి దగ్గరకి పోతాడు సరే, రెల్లి పిల్లవాడు ఏం నేర్చుకోవాలి? చీపురు పట్టడమా? పెరియార్, ద్రావిడ ఉద్యమం దీన్ని కులవిద్య అని ఎదిరించాయి. 1954లో కామరాజ్ రద్దు చేశాడు. బడిలో 'చేతిపని' అన్న మాట వింటేనే మనవాళ్ళు ఉలిక్కిపడడంలో న్యాయం ఉంది.

కానీ కులవృత్తి వేరు, చిత్రకళ వేరు. కులవృత్తి పిల్ల పుట్టకముందే పనిని ఖాయం చేస్తుంది. బొమ్మ గీసేటప్పుడు దేన్ని చూడాలో, దేన్ని వదిలెయ్యాలో ఆ పిల్లే తేల్చుకుంటుంది. చిన్నపిల్లలు కంటికి కనపడే కొలతల్లో గీయరు, తమకి ముఖ్యమైనదాన్ని పెద్దగా గీస్తారు. ఇంటికంటే బిందె పెద్దదిగా ఉంటే మాస్టారు తప్పని కొట్టేస్తాడు. ఆ బిందె మోసేది ఎవరో అడగడు. నల్లబల్ల మీద రెండు కొండలు, మధ్యన సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు గీసి అచ్చం అలాగే దించమనడం బొమ్మల క్లాసు కాదు, చూచిరాత.

1960ల మొదట్లో బ్రెజిల్‌లో పావులో ఫ్రేరే పెద్దవాళ్ళకి అక్షరాలకంటే ముందు వాళ్ళ బతుకు బొమ్మలు చూపించి మాట్లాడించాడు. మన పిల్లల చేత అలాంటి బొమ్మలు గీయించవచ్చు కూడా. ఇంటినుంచి బడికొచ్చే దారి గీయమనండి. బోరింగు ఎక్కడ, గుడి ఎక్కడ, శ్మశానం ఎక్కడ, మన పేట ఊరికి ఏ పక్క? సోషలు పాఠం సగం ఆ కాగితం మీదే ఉంటుంది.

దళితుల పేట దాటి కొండెక్కితే ఇదే సమస్య సవర పిల్లలకి ఇంకోలా ఎదురవుతుంది. సీతంపేట ఏజెన్సీ 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉంది. సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో, చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం బొమ్మలు వేస్తారు. ఒడిశా వైపు సవరల బొమ్మల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో వచ్చిన పుస్తకంలో వివరంగా రాశాడు. మనుషులు, ఏనుగులు, చెట్లతోపాటు సైకిళ్ళూ విమానాలూ కూడా ఆ గోడలకెక్కాయి. ఎదురైన కొత్తదాన్నల్లా తనలోకి తీసుకునే చూపు అది. దాన్ని 'పురాతన సంప్రదాయం' అని అద్దాల పెట్టెలో పెట్టడం చదువుకున్నవాళ్ళ అలవాటు. ఆ గోడల మధ్య పెరిగిన పిల్లకి బడిలో గులాబీ పువ్వు దించమంటాం! అలాగని సవర పిల్లలు సవర బొమ్మలే వెయ్యాలనడమూ రాజాజీ దారే. వాళ్ళకి అదీ రావాలి, అజంతా తెలియాలి, పికాసో తెలియాలి. బొబ్బిలిలో పుట్టిన అంట్యాకుల పైడిరాజు మద్రాసులో చిత్రకళ చదివి, విజయనగరానికి తిరిగొచ్చి నేర్పారు. పల్లె జనాన్నే గీశారు. ఎవరూ పుట్టుకతో ఆయనకి ఆ పని అంటగట్టలేదు.

చట్టం ఏమంటోంది? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 మందికి మించితే కళావిద్యకి పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. మించకపోతే లేదు. 1 నుంచి 5 తరగతులకి ఆ ఊసే లేదు. కొండ మీది బడికి వందమంది ఎక్కడినుంచి వస్తారు? తలలు లెక్కపెట్టి హక్కు ఇస్తే నష్టపోయేది చిన్న ఊళ్ళే. అయితే అదే చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలనీ, బలహీన వర్గాలకి తగిన వాటా ఉండాలనీ, బడి అభివృద్ధి ప్రణాళికని ఆ కమిటీయే తయారు చెయ్యాలనీ చెబుతోంది. రంగులు, కాగితాలు, వారానికి రెండు పీరియడ్లు ఆ ప్రణాళికలో రాయించమని మన పేట తల్లులు అడగొచ్చు.