సత్తువ ఎక్కడుంటుంది? – గిలకలదిండి ఎండుచేప ఆధారంగా ఆహారశక్తి వివరణ

ఆహారశక్తిని వివరించమంటే విద్యార్థులు సాధారణంగా చెప్పే వాక్యం ఒకటుంది: రసాయన బంధాలు తెగితే శక్తి విడుదలవుతుంది. ఇది భాషాపరంగా సుబోధకమే గాని శాస్త్రపరంగా సరికాదు. బంధాన్ని తెంచడానికి శక్తి వ్యయమవుతుంది. కొత్త బంధం ఏర్పడేటప్పుడే అది వెలువడుతుంది. పిండిపదార్థమో కొవ్వో ఆక్సిజన్‌తో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారినప్పుడు, వ్యయం కంటే రాబడి ఎక్కువ. ఆ మిగులునే వాడుకలో సత్తువ అంటున్నాం. కాబట్టి సత్తువ మెతుకులో ఉందనడం కంటే, మెతుకుకూ పీల్చే గాలికీ నడుమ ఉందనడం యుక్తం.

మచిలీపట్నం చెంతనున్న గిలకలదిండి రేవును ఉదాహరణగా తీసుకుందాం. పచ్చిచేప బరువులో సుమారు ముప్పాతిక వంతు నీరే. ఎండబెడితే నీరు పోయి మాంసకృత్తులు, కొవ్వు, లవణాలు మిగులుతాయి. అందుకే 100 గ్రాముల ఎండు నెత్తళ్ళు అంతే బరువున్న పచ్చివాటికంటే ఎక్కువ శక్తినిస్తాయి. అంతమాత్రాన ఇసుకమీద కాసిన ఎండ చేపకు సత్తువ చేర్చిందనుకోరాదు. సూర్యుడు ఆ పని అంతకుముందే, సముద్రంలోని వృక్షప్లవకాల కిరణజన్య సంయోగక్రియ ద్వారా చేశాడు. అన్నం సంగతి దీనికి విపర్యయం: 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కిలోకేలరీలుంటే, నీరు పీల్చుకొని ఉడికిన అంతే బరువు అన్నంలో 130 మాత్రమే.

గ్రాము పిండిపదార్థానికి గాని మాంసకృత్తులకు గాని సుమారు 4 కిలోకేలరీలు, కొవ్వుకు 9. కొవ్వు అణువులో ఆక్సిజన్ అతి తక్కువ. అంటే ఆక్సీకరణకు మిగిలిన భాగం ఎక్కువన్నమాట.

ఈ మిగులంతా మంటలాగా ఒక్కసారి వెలువడితే కణం నిలవదు. కణం దానిలో కొంతభాగాన్ని అడినోసిన్ ట్రై ఫాస్ఫేట్, అంటే ఏటీపీ రూపంలో చిల్లరగా మార్చుకుంటుంది. మిగిలినది వేడిగా పోతుంది. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు దీన్ని స్వతంత్రంగా గుర్తించారు. 1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు, అంతకు రెండేళ్ళ ముందే ఫిస్కేతో కలిసి కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. వల బలంగా లాగే తొలి క్షణాల్లో ఖర్చయిన ఏటీపీని వెంటనే భర్తీ చేసేది ఈ పదార్థమే. తరువాతి భారం గ్లైకోజెన్, కొవ్వులది.

ఏటీపీ దగ్గరా ఆ పాత చిక్కే ఎదురవుతుంది. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన భావనను మనం ‘అధికశక్తి బంధం’ అని అనువదించుకున్నాం. వినగానే బంధంలో శక్తి కూరి ఉందనిపిస్తుంది. నిజానికి నీటితో చర్య జరిగాక ఏర్పడే పదార్థాలు మరింత స్థిరమైనవి కావడమే అక్కడి కారణం. బోధనలో ‘ఫాస్ఫేట్ బదిలీ సామర్థ్యం’ అనే మాటను, కాస్త బరువైనదైనా, నేను మేలుగా ఎంచుతాను.