సిమ్యులేషన్ నమూనాలు, ప్రోగ్రామింగ్ భాషలు: సిరొంచ సరిహద్దులో ఒక పరిశోధనాంశం

కంప్యూటర్ శాస్త్రంలో పిహెచ్.డి. చేయదలచిన విద్యార్థికి మొదట ఎదురయ్యే చిక్కు అంశం ఎంపిక. గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా తెలుగు విద్యార్థికి ఆ అంశం ఊరి పొలిమేరలోనే ఉన్నది.

సిరొంచకు ఎదురుగా, కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. సంగమానికి దిగువన మేడిగడ్డ వద్ద 85 గేట్ల బ్యారేజీ 2019 జూన్ 21న ప్రారంభమైంది. దాని నీటిమట్టం 100 మీటర్లుగా ఉండాలని మహారాష్ట్ర, తెలంగాణ ప్రభుత్వాలు 2016లో ఒప్పుకున్నాయి. 2022 జూలై వరదల్లో సిరొంచ తాలూకాలో పొలాలు మునిగాయి. బ్యారేజీ వెనుక నీరే కారణమని రైతులు అన్నారు. వరదే అంత పెద్దదన్నది మరొక వాదన. 2023 అక్టోబర్ 21న బ్యారేజీ పియర్లు కుంగి నీటిని వదిలివేసిన తరువాత కూడ ఈ తగవు తీరలేదు.

బ్యారేజీ లేకపోతే ఆ పొలంలో నీరు ఎంత ఎత్తున నిలిచేది? జరిగిన వరదను ఎంత కొలిచినా దీనికి జవాబు దొరకదు. అడుగుతున్నది జరగని దానిని గురించి. సిమ్యులేషన్ అవసరం ఇక్కడనే వస్తుంది. నది అడుగు మట్టం, గట్ల ఆకారం, ప్రవాహ పరిమాణం, ఏ గేటు ఎప్పుడు తెరిచారన్న వివరం అంకెలుగా ఇచ్చి, 1871 నాటి సాఁ వెనాఁ సమీకరణాలను కంప్యూటర్ చేత సాధింపజేస్తారు. అదే వరదను బ్యారేజీతో ఒకసారి, లేకుండా ఒకసారి నడిపితే వచ్చే తేడాయే బ్యారేజీ వాటా. అయితే ముందుగా నమూనాను పాత వరద మట్టాలతో సరిచూడాలి. నది అడుగు గరుకుదనపు అంకెను కొద్దిగా మార్చితే ఫలితం ఎంత మారుతుందో కూడ చెప్పాలి. ఆ హద్దులు చెప్పని నమూనా రైతుకూ పనికిరాదు, ప్రభుత్వానికీ పనికిరాదు.

ఇందులో ప్రోగ్రామింగ్ భాషకు పని ఏమిటి? 1960లలో నార్వేలో డాల్, న్యూగార్డ్ రూపొందించిన సిమ్యులా భాష సిమ్యులేషన్ కోసమే పుట్టింది. క్లాసు, ఆబ్జెక్టు అనే భావనలు దానినుండే సి++, జావా వంటి భాషలకు వచ్చాయి. నేడు పరిశోధించవలసినవి ఇంకా ఉన్నాయి. కొలమానాలు కలగాపులగమై 1999లో అమెరికా వారి అంగారక నౌక నాశనమైంది. మీటరును అడుగుతో కలిపితే ప్రోగ్రామును భాషే నిలిపివేయాలి. ప్రతి ఊహ ఎక్కడ చేశారో, ఏ అంకె ఎక్కడిదో ఎదుటివారు చదివి ప్రశ్నించగలగాలి. చదవరాని ప్రోగ్రాము ఇచ్చిన తీర్పును కాదనే దారి రైతుకు ఉండదు.

ఈ పనికి సిరొంచ విద్యార్థికి ఉన్న బలం భాషలే. నీరు ఏ గుమ్మం దాకా వచ్చిందో ఊరివారు తెలుగులో, గోండిలో చెబుతారు. రెవెన్యూ కాగితాలు మరాఠీలో ఉంటాయి. ఈ సమాచారమంతా నమూనాను సరిచూడడానికి సాక్ష్యమే.

2011లో ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయం గడ్చిరోలిలో ఉన్నది. వరంగల్ ఎన్.ఐ.టి., హైదరాబాదులోని ట్రిపుల్ ఐటి, ఐ.ఐ.టి., కేంద్రీయ విశ్వవిద్యాలయం గోదావరికి అవతలి ఒడ్డున ఉన్నవి. నెట్ ద్వారా జె.ఆర్.ఎఫ్. పొందినవారికి 2023 నుండి నెలకు 37,000 రూపాయలు నిర్ణయించారు. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. కనీస కాలం మూడేళ్లు. దరఖాస్తుకు ముందే ఒక వానకాలం నది వెంట తిరిగి మట్టాలు రాసుకున్న విద్యార్థి, తన పరిశోధనను అప్పుడే మొదలుపెట్టినట్లు.