నిండుకుండ తొణకదు

“నిండుకుండ తొణకదు” అనే సామెతను మనం విజ్ఞులైన పెద్దలను గురించి చెప్పేటప్పుడు వాడుతుంటాము. తెలుగు బోధించే నేను ఈ సామెతను తరగతిలో ఎన్నిసార్లు వివరించానో లెక్క లేదు. అయితే ఇది కంప్యూటరు మెమొరీకి కూడా వర్తిస్తుందని ఇటీవలి వరకు నాకు తెలియదు. తెలియకపోవడం వలన ఒక పొరపాటు చేశాను. ఆ పొరపాటును కార్యవర్గం ఎదుట ఒప్పుకొనడం, దాని వలన నేర్చుకొన్న నాలుగు విషయాలను విద్యార్థులకు అందజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన కంప్యూటరు గదిని చూచేవారు లేనందున ఆ బాధ్యత కొంతకాలం నాకు అప్పగింపబడినది. ఆ గదిలో పది యంత్రాలున్నవి. అన్నీ లైనక్స్ మీద నడిచేవే. ఉపకారవేతనాల దరఖాస్తులకు గడువు ముగిసే వారంలో వాటిలో కొన్ని ఉన్నట్టుండి కదలక మెదలక నిలిచిపోసాగాయి. విద్యార్థులు చీకటి పడేదాకా వరండాలో వేచి ఉన్నారు. ఒక అమ్మాయి తన దరఖాస్తును మూడుసార్లు మొదటి నుండి నింపవలసి వచ్చింది. నేను ఒక్కొక్క యంత్రంలో మెమొరీ ఎంత ఖాళీగా ఉన్నదో చూశాను. పదింటిలోను ఖాళీ అతి స్వల్పంగా కనిపించింది. వెంటనే పది యంత్రాలకూ అదనపు మెమొరీ కొనవలెనని కార్యవర్గానికి లేఖ వ్రాశాను. గ్రంథాలయానికి ఉద్దేశించిన సొమ్ములో కొంత ఇందుకు మళ్లించడానికి పెద్దలు అంగీకరించారు కూడా.

ఆ రోజులలోనే మన కళాశాలలో చదువుకొని, ఇప్పుడు కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న ఒక పూర్వ విద్యార్థి నన్ను చూడవచ్చాడు. సంగతి విని యంత్రం ముందు కూర్చున్నాడు. నల్లని తెర తెరచి ఒక్క మాట టైపు చేశాడు. అంకెల వరుసలు ఒకదాని క్రింద ఒకటి దిగసాగాయి. “సార్, ఎంత ఖాళీ ఉందో కాదు, రాకపోకలు ఎంత జరుగుతున్నాయో చూడండి” అన్నాడు. ఆ ఒక్క వాక్యం నా లేఖను తలక్రిందులు చేసింది. అతడు టైపు చేసిన మాట పేరు వీఎంస్టాట్. కల్పిత మెమొరీ లెక్కలు అని దాని భావం.

కల్పిత మెమొరీ అనగా ఏమిటి? మన గ్రంథాలయాన్నే తలచుకొందాం. చదివేవాడి ముందు ఒక బల్ల ఉన్నది. గోడ వెంబడి బీరువాలున్నవి. బల్ల చిన్నది గాని పుస్తకం తక్షణం చేతికందుతుంది. బీరువా పెద్దది గాని లేచి వెళ్లి తెచ్చుకోవలె. కంప్యూటరులో మెమొరీ ఆ బల్ల వంటిది. డిస్కు బీరువా వంటిది. బల్ల చాలనప్పుడు ప్రస్తుతం చదవని పుస్తకాన్ని బీరువాలో పెట్టి, అవసరమైనప్పుడు మరల తెచ్చి, చదివేవాడికి బల్లే పెద్దదన్న భ్రమ కలిగించడమే కల్పిత మెమొరీ.

ఈ భావం కొత్తది కాదు. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో టామ్ కిల్‌బర్న్ నాయకత్వాన నిర్మింపబడి 1962లో ప్రారంభమైన అట్లాస్ యంత్రంలో దీనిని అమలుపరచారు. దాని అసలు మెమొరీ సుమారు 16 వేల పదాలు పట్టేది. దానికి తోడుగా సుమారు 96 వేల పదాలు పట్టే డ్రమ్ములుండేవి. రెండింటినీ కలిపి ఒకే మెమొరీగా చూపగలగడం ఆ యంత్రం విశేషం. అయితే బల్లకూ బీరువాకూ మధ్య తిరుగుడు మితిమీరితే చదువు సాగక, తిరుగుడే మిగులుతుంది. ఈ దుస్థితికి కారణాలను, నివారణను పీటర్ డెనింగ్ 1968లో శాస్త్రీయంగా వివరించాడు. తరువాత 1979 చివరలో కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం వారు కల్పిత మెమొరీ గల యూనిక్స్‌ను విడుదల చేశారు. అందులో బిల్ జాయ్, టర్కీలో పుట్టిన ఓజాల్ప్ బాబావోలు ముఖ్యపాత్ర వహించారు. వీఎంస్టాట్ ఆ బర్క్లీ సంప్రదాయానికి చెందిన పనిముట్టు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్‌ను ప్రారంభించగా, దానికి తగిన వీఎంస్టాట్‌ను 1994లో హెన్రీ వేర్ వ్రాశాడు.

ఇక దానిని చదివే విధానం. వీఎంస్టాట్ అని టైపు చేసి, కొంచెం ఎడం విడిచి 5 అనీ, మరల ఎడం విడిచి 10 అనీ వేస్తే, అయిదేసి సెకన్ల వ్యవధిలో పది వరుసలు వస్తాయి. ఇందుకు ప్రత్యేకమైన అధికారం సాధారణంగా అవసరం లేదు. యంత్రం తనను గురించి తాను వ్రాసుకొనే లెక్కలనే ఇది చదివి చూపుతుంది. కావున విద్యార్థులు నిర్భయంగా వాడవచ్చును.

మొట్టమొదట జ్ఞాపకముంచుకోవలసినది మొదటి వరుసను గురించి. రాకపోకలు, ప్రాసెసరు కాలం మొదలైన గడులలో ఆ వరుస యంత్రం ప్రారంభించినప్పటి నుండి నేటి వరకు గల సగటును చూపుతుంది. ఈ క్షణపు స్థితి తరువాతి వరుసలలోనే తెలుస్తుంది. నాడి చూచే హకీమ్ సాహెబు రోగి మణికట్టు మీద వ్రేళ్లు ఉంచి కొంతసేపు ఊరకుంటారు. ఒక్క దెబ్బను బట్టి ఆయన మందు వ్రాయరు. ఇక్కడ కూడా అంతే.

వరుసలోని గడులను ఎడమ నుండి చూద్దాం. ఆర్ అనే గడిలో ప్రాసెసరుపై నడుస్తున్న, లేక దాని కోసం వరుసలో నిలిచిన పనుల సంఖ్య ఉంటుంది. బి గడిలో సామాన్యంగా డిస్కు కోసం ఆగిపోయిన పనులు కనిపిస్తాయి. తరువాత మెమొరీకి నాలుగు గడులున్నవి. బల్ల మీద నుండి బీరువాకు చేరినది ఒకటి, ఖాళీ ఒకటి, బఫరు ఒకటి, క్యాష్ ఒకటి.

నన్ను పొరపాటు పట్టించింది ఈ ఖాళీ గడియే. లైనక్స్ డిస్కు నుండి ఒకసారి తెచ్చిన దస్త్రాన్ని వెంటనే పారవేయదు. మరల ఎవరైనా అడుగవచ్చునని దానిని మెమొరీలోనే ఉంచుకొంటుంది. తెలివైన గ్రంథాలయ సేవకుడు తరచుగా అడిగే నిఘంటువును బల్ల మీదనే ఉంచడం వంటిదే ఇది. దానినే క్యాష్ అంటారు. కొత్తవారు వచ్చి చోటు అడిగితే ఆ పుస్తకాలలో చాలావరకు వెంటనే తొలగింపవచ్చు. కనుక ఖాళీ తక్కువగా ఉండడం లోపం కాదు. వాడని బల్ల వలన ఎవరికి లాభం? నిజంగా ఎంత చోటు దొరకగలదో తెలుసుకొనడానికి 2014 నుండి లైనక్స్ ఒక ప్రత్యేకమైన అంచనాను ఇస్తున్నది. ఫ్రీ అనే మరొక ఆజ్ఞ దానిని ‘అవైలబుల్’ అనే గడిలో చూపుతుంది. నేను ఆనాడు చూడవలసినది అది.

అన్నిటికంటె ముఖ్యమైనవి ఎస్ఐ, ఎస్ఓ అనే రెండు గడులు. మొదటిది డిస్కు నుండి మెమొరీకి వెనుకకు వస్తున్నదానిని, రెండవది మెమొరీ నుండి డిస్కుకు పోతున్నదానిని, సెకనుకు ఎంత అన్నది చెబుతుంది. కుండ తొణుకుతున్నదో లేదో తెలిపేవి ఇవే. బీరువాకు చేరిన మొత్తం సున్న కాకపోయినా కంగారు పడనవసరం లేదు. ఎప్పుడో అవసరం లేక పంపివేసినది అక్కడ నిలిచి ఉండవచ్చు. ఈ రెండు గడులూ వరుస తరువాత వరుసలో పెద్ద అంకెలు చూపుతుంటేనే మెమొరీ చాలడం లేదని అనుమానించవలె.

ఆ పైన డిస్కు పనికి బిఐ, బిఓ అనే గడులున్నవి. ప్రాసెసరును ఆపి కబురు చెప్పే సంకేతాలకు ఐఎన్, ఒక పని నుండి మరొక పనికి మారిన లెక్కకు సిఎస్ ఉన్నవి. చివరి గడులు ప్రాసెసరు కాలాన్ని నూటికి ఇంత అని పంచి చూపుతాయి. మన ప్రోగ్రాములకు యుఎస్, వ్యవస్థ సొంత పనికి ఎస్‌వై, ఖాళీగా గడిపినది ఐడి, డిస్కు కోసం ఎదురుచూచినది డబ్ల్యుఏ. కల్పిత యంత్రాలలో ఇతరులు తీసుకొన్న కాలానికి ఎస్‌టి అనే గడి ఉన్నది.

ఈ జ్ఞానంతో మరునాడు పది యంత్రాలనూ వరుసగా పరీక్షించాము. ఏడింటిలో ఖాళీ స్వల్పమే గాని క్యాష్ పుష్కలంగా ఉన్నది. ఎస్ఐ, ఎస్ఓ రెండూ సున్నలే. అవి నిండుకుండలు. ఒక యంత్రంలో రాకపోకలు లేవు గాని ఆర్ గడిలో ఆరు, ఏడు కనిపించాయి. దానికున్న ప్రాసెసర్లు రెండే. యుఎస్ తొంభై దాటింది. అదుపు తప్పిన ఒక ప్రోగ్రామును ఆపగానే అది కుదుటపడింది. మిగిలిన రెండు పాత యంత్రాలలో మాత్రం ఎస్ఐ, ఎస్ఓ వేలలో పరుగెత్తాయి. బి గడిలో పనులు నిలిచిపోయాయి. డబ్ల్యుఏ సగానికి పైబడింది. ఆ అమ్మాయి కూర్చున్నది ఆ రెండింటిలో ఒకదాని ముందే.

అనగా మెమొరీ కావలసినది పదింటికి కాదు, రెండింటికి. మొదటి లేఖను వెనుకకు తీసుకొంటూ రెండవ లేఖ వ్రాశాను. వ్రాసేటప్పుడు సిగ్గు కలిగిన మాట నిజం. కాని ఎనిమిది యంత్రాల సొమ్ము మరల గ్రంథాలయానికి చేరింది. పెద్దలు నన్ను మందలింపలేదు. మూడవ బీరువాలో చేరిన కొత్త ఉర్దూ, తెలుగు పుస్తకాలను చూచినప్పుడల్లా ఆ రెండవ లేఖ నాకు గుర్తుకు వస్తుంది.

విద్యార్థులారా! అంకె అబద్ధమాడదని అంటారు. నిజమే, కాని అది మనం అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. నేను ‘ఎంత ఖాళీ?’ అని అడిగాను. అంకె సత్యమే చెప్పింది. తప్పు ప్రశ్నది. రేపు మీరు ఏ కార్యాలయంలోనో కూర్చొని ఏ లెక్కను బట్టియో నలుగురి సొమ్మును గురించి వ్రాయవలసి వచ్చినప్పుడు, కలం పట్టే ముందు కొంతసేపు నాడి చూడండి. మొదటి వరుసను నమ్మి లేఖ వ్రాయకండి.