డిగ్రీ ఫస్ట్ ఇయర్‌లో ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరారా..? సర్టిఫికెట్ సంగతి సరే.. అసలు మార్పు రెండోసారి తలుపు తట్టినప్పుడే!

ఇంటర్ రెండేళ్లూ స్టడీ అవర్లు, వీక్లీ టెస్టుల మధ్యే గడిచిపోతాయి. డిగ్రీలో చేరిన కొత్తలో ఒకరోజు లెక్చరర్ క్లాసుకి వచ్చి ‘ఎన్‌ఎస్‌ఎస్‌లో ఎవరెవరు చేరతారు?’ అని అడుగుతారు. పక్కవాడు చెయ్యెత్తాడని కొందరు ఎత్తుతారు. సర్టిఫికెట్ వస్తుందని ఇంకొందరు. క్యాంపు పేరు చెప్పి వారం రోజులు క్లాసులు తప్పించుకోవచ్చని మరికొందరు. కారణం ఏదైతేనేం.. కొన్నాళ్లకి చేతిలో ఒక సర్వే ఫారం ఉంటుంది, ఎదురుగా ముక్కూముఖం తెలియని వాళ్ల ఇల్లు ఉంటుంది. అక్కడి నుంచే అసలు పాఠం మొదలవుతుంది.

అనకాపల్లి జిల్లా కశింకోట లాంటి మండలంలో ఫస్ట్ ఇయర్ విద్యార్థి సేవకి వెళ్తే ఏం చేయాలి? ఎన్ని గంటలు? ఏం నేర్చుకుంటారు? ఎక్కడ జాగ్రత్తపడాలి? వివరంగా చూద్దాం.

అసలు ఎన్‌ఎస్‌ఎస్ అంటే ఏంటి?

ఎన్‌ఎస్‌ఎస్ అంటే జాతీయ సేవా పథకం. గాంధీజీ శతజయంతి ఏడాదిలో, 1969 సెప్టెంబర్ 24న అప్పటి కేంద్ర విద్యాశాఖ మంత్రి వీకేఆర్‌వీ రావు దీన్ని ప్రారంభించారు. మొదట 37 యూనివర్సిటీలు, సుమారు 40 వేల మంది విద్యార్థులు. అందుకే ఏటా సెప్టెంబర్ 24న కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ డే చేస్తారు. ‘నేను కాదు.. నువ్వు’ అన్నది దీని నినాదం. బ్యాడ్జి మీద కనిపించే చక్రం కోణార్క్ సూర్యదేవాలయంలోని రథచక్రం. దానికున్న ఎనిమిది ఆకులు రోజులోని 24 గంటలకు గుర్తు. ఎప్పుడు పిలిచినా సిద్ధంగా ఉండాలని అర్థం.

ఇక లెక్క. ఒక వాలంటీర్ ఏడాదికి 120 గంటలు, రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. దీంతోపాటు కాలేజీ దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఉంటుంది. యూనిట్‌ని నడిపించేది కాలేజీ లెక్చరర్లలోనే ఒకరు. వారిని ప్రోగ్రాం ఆఫీసర్ అంటారు. చేరడం, చేరకపోవడం పూర్తిగా విద్యార్థి ఇష్టం.

మరి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు?

చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. రెండూ వేరు. ఏపీలో 2020-21 నుంచి డిగ్రీ చదువులో తెచ్చిన మార్పులతో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చింది. ఫస్ట్ ఇయర్ అయ్యాక వేసవి సెలవుల్లో విద్యార్థి ఏదో ఒక ఊరినో, వార్డునో ఎంచుకోవాలి. ఇంటింటి సర్వే, అవగాహన కార్యక్రమం, ఒక చిన్న ప్రాజెక్టు, చివర్లో రిపోర్టు. కనీసం 180 గంటలు. లాగ్ బుక్ రాయాలి. దీనికి క్రెడిట్లు ఉంటాయి, అంటే ఇది చదువులో భాగమే. సిలబస్ మారుతూ ఉంటుంది కాబట్టి మీ బ్యాచ్‌కి రూల్స్ ఎలా ఉన్నాయో కాలేజీలో ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

ఒకటి ఇష్టంగా చేసేది, ఇంకొకటి తప్పనిసరిగా చేసేది. ఏది మంచిదన్న చర్చ ఈనాటిది కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సర్వేపల్లి రాధాకృష్ణన్ నాయకత్వంలోని యూనివర్సిటీ విద్యా కమిషన్, విద్యార్థుల సేవ స్వచ్ఛందంగా ఉండాలని చెప్పింది. ఈ రాధాకృష్ణనే 1931 నుంచి 1936 వరకు మన ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్. తర్వాత 1959లో సీడీ దేశ్‌ముఖ్ కమిటీ మాత్రం సేవని తప్పనిసరి చేయాలని సిఫార్సు చేసింది. ఆ వెంటనే వేరే దేశాల్లో యువత సేవ ఎలా సాగుతోందో చూసొచ్చిన కేజీ సయ్యదైన్, స్వచ్ఛందంగా ఉంటేనే మేలని రిపోర్టు ఇచ్చారు. చివరికి 1969లో ఎన్‌ఎస్‌ఎస్ స్వచ్ఛంద పథకంగానే మొదలైంది. ఇప్పుడు మన రాష్ట్రంలో విద్యార్థి ముందు రెండు దారులూ ఉన్నాయి.

‘వాలంటీర్’ అంటే పింఛను ఇచ్చేవాళ్లా?

ఊళ్లోకి వెళ్లగానే మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. ‘వాలంటీర్‌నండి’ అంటే చాలు.. ‘ఏటి బాబూ, పింఛను గురించేటి?’ అనే ప్రశ్న వస్తుంది. అందులో వాళ్ల తప్పేం లేదు. 2019 ఆగస్టు 15న రాష్ట్రంలో గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. దాదాపు 50 ఇళ్లకి ఒకరు, నెలకి 5 వేలు గౌరవ వేతనం. ఇంటికొచ్చి పింఛను ఇచ్చింది వాళ్లే. 2024 జూలై నుంచి ఆ పని సచివాలయ సిబ్బంది చేస్తున్నారు. కానీ ‘వాలంటీర్’ మాటకి జనం మనసులో అదే అర్థం ఉండిపోయింది.

కాబట్టి విద్యార్థి గుమ్మం దగ్గర చెప్పాల్సిన మొదటి మాట చాలా ముఖ్యం. ‘అమ్మా, నేను ఫలానా కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. మా చదువులో భాగంగా మీ ఊరి సంగతులు తెలుసుకుందామని వచ్చాను. ప్రభుత్వం తరఫున రాలేదు. పింఛను, ఇల్లు ఇప్పించడం నా చేతుల్లో లేదు’. ఇంత సూటిగా చెప్పేస్తే కొందరు నిరాశపడి తలుపు వేసేయొచ్చు. వేయనివ్వండి. లేని ఆశ పెట్టి లోపలికి వెళ్లడం కంటే ఇదే నయం.

సర్వేకి ఏ టైమ్‌కి వెళ్లాలి?

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, సగం సర్వేలు పాడయ్యేది ఇక్కడే. కశింకోట 16వ నెంబర్ జాతీయ రహదారి మీద, అనకాపల్లిని ఆనుకుని ఉన్న మండలం. చుట్టుపక్కల చెరకు, వరి. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పేరున్నది. చెరకు గానుగ ఆడే రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లు పొద్దున్నే పొలం దారి పడతారు. ఇంకోపక్క అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మా సిటీ. జిల్లాలోని పల్లెల నుంచి ఆడవాళ్లు, కుర్రాళ్లు షిఫ్టు బస్సుల్లో డ్యూటీలకి వెళ్తుంటారు.

ఇప్పుడు కాలేజీ టైమ్ ప్రకారం ఉదయం 11 గంటలకి తాళ్లపాలెంలోనో బయ్యవరంలోనో వీధిలోకి వెళ్తే ఎవరు కనిపిస్తారు? ముసలివాళ్లు, చంటిపిల్లలు. వాళ్లతో మాట్లాడి ఫారాలు నింపేస్తే ఆ సర్వేలో ఉద్యోగం చేసే ఆడపిల్ల మాట ఉండదు, కూలికెళ్లిన మనిషి మాట ఉండదు. కాగితం మీద మాత్రం ‘సర్వే పూర్తి’. అందుకే సాయంత్రం వెళ్లాలి, ఆదివారం వెళ్లాలి. ఊరికి ఏది పని వేళో, ఏది తీరిక వేళో తెలుసుకోవడమే మొదటి వారం పాఠం. ఇది ఏ క్లాసులోనూ చెప్పరు.

ఒక ఉదాహరణ చూద్దాం

ఒక ఫస్ట్ ఇయర్ అమ్మాయి సర్వేకి వెళ్లిందనుకుందాం. ఒకింట్లో పెద్దావిడ, రేషన్ దగ్గర తన వేలిముద్ర పడట్లేదని చెప్పింది. ఏళ్ల తరబడి పొలం పని చేసిన చేతులకి వేలి గీతలు అరిగిపోవడం మామూలే. ఫారంలో దీనికి గడి లేదు. అమ్మాయి పుస్తకం చివర్లో రాసుకుంది. ‘కనుక్కుని చెప్తానమ్మమ్మా’ అని వచ్చేసింది.

ఇక్కడి నుంచి రెండు రకాలుగా జరగొచ్చు. ఆ మాట పుస్తకంలోనే ఉండిపోవచ్చు. అమ్మాయికి గంటలు లెక్కకి వస్తాయి, రిపోర్టుకి మార్కులు వస్తాయి. పెద్దావిడకి మాత్రం వచ్చి వెళ్లినవాళ్లలో ఇంకొకరు పెరిగారు, అంతే.

లేదంటే ఆ అమ్మాయి గ్రామ సచివాలయానికి వెళ్లి అడుగుతుంది. మొదటిసారి సంబంధిత ఉద్యోగి ఉండకపోవచ్చు. రెండోసారి వెళ్తుంది. ఆధార్ సెంటర్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకోవచ్చని తెలుసుకుంటుంది. సెంటర్ ఎక్కడుందో, ఏ రోజుల్లో తీస్తారో కాగితం మీద రాసుకుని మళ్లీ అదే ఇంటికి వెళ్తుంది. పెద్దావిడ ముందు నమ్మకపోవచ్చు. కానీ ‘మళ్లీ వచ్చావేటమ్మా’ అనే మాటలో ఆశ్చర్యం ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు విద్యార్థి అడుగుతుంది, ఊరు చెప్తుంది. రెండోసారి విద్యార్థి చెప్తుంది, ఊరు వింటుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

పని కాకపోయినా సరే, ‘ఇంతవరకే కనుక్కోగలిగాను’ అని చెప్పడానికైనా వెళ్లాలి. ఆ ఇబ్బందికరమైన మాట చెప్పడం నేర్చుకున్న 18 ఏళ్ల పిల్లకి రేపు ఇంటర్వ్యూలోనో ఆఫీసులోనో తెలియనిది ‘తెలియదు’ అనడానికి భయం ఉండదు. వ్యక్తిత్వ వికాసం అని పోస్టర్ల మీద రాసేదానికి పల్లెలో అర్థం ఇదే.

టికెట్ లేదని నెహ్రూనే ఆపిన తెలుగు వాలంటీర్

సేవలో చేరిన వయసు చిన్నదైనా మనిషి ఎంత ఎదగొచ్చో చెప్పడానికి మనకి ఒక ఉదాహరణ ఉంది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. పక్కనే ఖాదీ ఎగ్జిబిషన్. గేటు దగ్గర వాలంటీర్‌గా ఉన్న 14 ఏళ్ల రాజమండ్రి అమ్మాయికి ఒకటే ఆదేశం.. టికెట్ లేనివాళ్లని పంపకూడదు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు టికెట్ తెచ్చాకే లోపలికి పంపింది.

ఆ అమ్మాయే దుర్గాబాయి. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో చదివారు, లాయర్ అయ్యారు, ఆంధ్ర మహిళా సభని స్థాపించారు, రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. విద్యార్థుల సేవని తప్పనిసరి చేయాలన్న సీడీ దేశ్‌ముఖ్ ఆమె భర్తే. గేటు దగ్గర ఆమె చేసింది పెద్ద పనేం కాదు. ఒప్పుకున్న చిన్న పనిని ఎదురుగా ఎవరున్నా సరిగ్గా చేయడమే.

ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

* రక్తదానం: క్యాంపు పెట్టగానే ఫస్ట్ ఇయర్ పిల్లలు ఉత్సాహంగా ముందుకొస్తారు. కానీ 18 ఏళ్లు నిండాలి. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. 17 ఏళ్లవాళ్లు టోకెన్లు రాయడం, దాతలకి మంచినీళ్లు, పళ్లరసం అందించడం లాంటివి చేయొచ్చు. అదీ సేవే.

* ఆధార్, బ్యాంకు వివరాలు: సర్వే పేరుతో ఎవరి ఆధార్ నంబర్, అకౌంట్ నంబర్, ఓటీపీ అడగొద్దు. ఫోన్‌లో ఫొటో తీయొద్దు. పైగా మోసగాళ్లు అడిగినా చెప్పొద్దని మీరే వాళ్లకి చెప్పాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ నంబర్‌ని పెద్దవాళ్ల ఫోన్లలో సేవ్ చేసి పెట్టడం ఒక్కటే ఒక మంచి ప్రాజెక్టు.

* ఫొటోలు, రీల్స్: అరటిపండు ఇస్తూ ఫొటో తీసి స్టేటస్ పెట్టడం వద్దు. ముఖం కనిపించేలా తీయాలంటే ముందు అడగాలి. పిల్లల ఫొటోలైతే తల్లిదండ్రుల్ని అడగాలి.

* ఒంటరిగా వెళ్లొద్దు: ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి. ఎక్కడికి వెళ్తున్నారో ప్రోగ్రాం ఆఫీసర్‌కి, ఇంట్లో చెప్పాలి. చీకటి పడకముందే తిరిగొచ్చేలా చూసుకోవాలి. శారదా నది, చెరువుల దగ్గర శుభ్రం చేసే కార్యక్రమం అయితే పెద్దవాళ్లు లేకుండా నీళ్లలోకి దిగొద్దు.

* చదువు: అటెండెన్స్, ఇంటర్నల్స్ చూసుకోవాలి. సేవ చేశాం కదా అని సబ్జెక్టు వదిలేస్తే మిగిలేది బ్యాక్‌లాగే.

చేరాలంటే ఏం చేయాలి?

కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌ని కలిసి పేరు ఇవ్వాలి. మీ కాలేజీలో యూనిట్ లేకపోతే 2023 అక్టోబర్ 31న కేంద్రం మొదలుపెట్టిన ‘మై భారత్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని దగ్గర్లో ఉన్న కార్యక్రమాలు చూడొచ్చు. సర్టిఫికెట్ కావాలంటే 240 గంటలతోపాటు ఒక స్పెషల్ క్యాంపు పూర్తి చేయాలి. కాబట్టి హాజరు వివరాలు ఎప్పటికప్పుడు డైరీలో రాసి సంతకం చేయించుకోవాలి.

మొదటి పనిగా ఏం ఎంచుకోవాలో తెలియట్లేదా? మీ క్లాసు నుంచే మొదలుపెట్టండి. 17 ఏళ్లు దాటినవాళ్లు ఓటు కోసం ఫారం-6తో ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. 18 నిండాక పేరు జాబితాలోకి వస్తుంది. ఫ్రెండ్స్‌లో ఎంతమంది చేసుకున్నారో అడగండి. తర్వాత మీ వీధిలో ఒక పది ఇళ్లు ఎంచుకోండి. వంద ఇళ్లు అక్కర్లేదు. పది ఇళ్లకి వెళ్లి, వాళ్లు చెప్పింది రాసుకుని, నెల తిరక్కుండా ఆ పది ఇళ్లకీ మళ్లీ వెళ్లండి. డైరీలో ఒక్కో ఇంటి ఎదురుగా రెండు తేదీలు రాసుకునేలా గడులు గీసుకోండి. నెలాఖరుకి ఆ రెండో గడి ఎన్ని ఇళ్లకి నిండిందో లెక్క చూసుకోండి.