చోటు కోసం పోరాడే సముద్ర బ్యాక్టీరియా

సముద్రపు నీటిలో మునిగిన ఏ వస్తువు మీదైనా కొద్ది గంటల్లోనే జిగురు పొర పడుతుంది. తడ దగ్గర పులికాట్ సరస్సులో పడవల అడుగున, ఆల్చిప్పల పైన, నాచు మీద చేతికి జారుడుగా తగిలేది ఆ పొరే. బయోఫిల్మ్ అనే ఈ పొర బ్యాక్టీరియా కట్టుకున్న నివాసం. నీటిలో తేలే బ్యాక్టీరియాకు తిండి అరుదుగా దొరుకుతుంది. నాచును అంటుకున్న వాటికి అది వదిలే చక్కెరలు నిత్యం అందుతాయి. ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో సుమారు 10 లక్షల బ్యాక్టీరియా ఉంటాయి, పట్టుకోవడానికి చోటు మాత్రం తక్కువ. చోటు దక్కించుకున్న బ్యాక్టీరియా దాన్ని రసాయనాలతో కాపాడుకుంటుంది. వాటిలో కొన్ని మనం యాంటీబయాటిక్‌లని పిలిచేవే.

యాంటీబయాటిక్‌ల కోసం వైద్యం మొదట వెతికింది నేలలో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన లెడర్లీ కంపెనీ పరిశోధన బృందం నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మట్టిలోని సూక్ష్మజీవి ఇచ్చినదే. 1966లో పాల్ బర్క్‌హోల్డర్ బృందం సముద్రపు గడ్డి మీద నివసించే ఒక బ్యాక్టీరియా నుంచి బ్రోమిన్ నిండిన యాంటీబయాటిక్‌ను వేరు చేసింది. అది మందుగా రాలేదు గానీ, సముద్రంలో వెతకవలసిన చోటు ఏదో అప్పుడే తెలిసింది.

ఇలా ఉపరితలాల మీద బతికే బ్యాక్టీరియా జాతుల్లో అన్నిటికన్నా ఎక్కువ చెప్పుకోవలసినది సూడోఆల్టెరోమోనాస్ ట్యూనికాటా. స్వీడన్ తీరంలో, రాళ్లను పట్టుకుని సంచిలా బతికే ట్యూనికేట్ అనే జీవి ఒంటి మీద ఇది దొరికింది. దీని పసుపు రంగు పదార్థం బూజును అడ్డుకుంటుంది. ఊదా రంగు పదార్థం తనను మేయడానికి వచ్చే ఏకకణ జీవులను చంపుతుంది. ఆల్ప్‌పి అనే ప్రొటీన్ లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టించి పక్క బ్యాక్టీరియాను హతమారుస్తుంది. విశేషం ఏమిటంటే, పొర ముదిరాక అదే ప్రొటీన్ సొంత కణాలలో కొన్నిటినీ చంపుతుంది. మిగిలినవి విడివడి కొత్త చోటు వెతుక్కుంటూ పోతాయి.

2008లో ట్యూనికాటా జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) వివరాలు వెలువడ్డాయి. అంటుకోవడానికి, పొర కట్టడానికి, విషాలు తయారు చేయడానికి కావలసిన జన్యువులు అందులో కనిపించాయి. జీనోమ్ చదవడం వల్ల కలిగిన పెద్ద మేలు మరొకటి ఉంది. ప్రయోగశాల సీసాలో సుఖంగా పెరిగే బ్యాక్టీరియా చాలా రసాయనాలను చేయనే చేయదు, ఎందుకంటే అక్కడ శత్రువు లేడు, పట్టుకునే ఉపరితలమూ లేదు. జన్యువులు మాత్రం ఉంటాయి. యాంటీబయాటిక్‌ను తయారుచేసే జన్యువులు సాధారణంగా పక్కపక్కనే గుంపుగా ఉంటాయి కాబట్టి కంప్యూటర్‌తో వాటిని గుర్తించవచ్చు. సముద్రపు అడుగు మట్టిలో దొరికే సాలినిస్పోరా ట్రాపికా అనే బ్యాక్టీరియా జీనోమ్‌లో దాదాపు పదో వంతు ఇలాంటి పదార్థాల తయారీకే ఉందని 2007లో తేలింది. బర్క్‌హోల్డర్ చూసిన బ్రోమిన్ పదార్థానికి కారణమైన జన్యువులు కూడా 2014లో, ఇదే పద్ధతిలో బయటపడ్డాయి.

తడ తీరానికి ఇది దూరపు విషయం కాదు. నెల్లూరు తీరమంతా రొయ్యల సాగు వ్యాపించింది. హేచరీల్లో విబ్రియో బ్యాక్టీరియా పిల్లరొయ్యలను చంపుతుంది. దానికి యాంటీబయాటిక్ పోస్తే నిరోధక శక్తి గల బ్యాక్టీరియా పెరుగుతుంది, ఎగుమతులు తిరస్కరణకు గురవుతాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వాడకం నిషిద్ధం. ఐరోపా చేపల హేచరీల్లో తొట్టి గోడల మీదే రోజియోబాక్టర్ వర్గపు బ్యాక్టీరియా దొరికింది. ఆ వర్గంలోని ఫియోబాక్టర్, ట్రోపోడైథైటిక్ ఆమ్లం అనే పదార్థంతో విబ్రియోను అణచివేస్తుంది. మందు పోయడానికి బదులు మంచి బ్యాక్టీరియాను గోడలకు పట్టించడమే మేలైన దారి అనిపిస్తుంది.

తెలుగు నేలలో సముద్ర బ్యాక్టీరియాను వెతికే నైపుణ్యమూ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ పరిశోధకులు వర్ణించిన కొత్త జాతుల పేర్లలో విశాఖపట్నం, భీమిలి, కాకినాడ కనిపిస్తాయి. ఆ తీరాల కంటే పులికాట్ ఉపరితలాల మీద బతకడం బ్యాక్టీరియాకు మరింత కష్టం. వర్షాలకు కాళంగి వంటి నదుల నీరు చేరి ఉప్పదనం పడిపోతుంది. ఎండాకాలంలో ఉత్తరపు లోతులేని భాగం ఎండుతూ నీరు సముద్రం కంటే ఉప్పగా మారుతుంది. తడ రొయ్యల చెరువుల్లో పనికివచ్చే బ్యాక్టీరియా ఈ రెండిటినీ తట్టుకోవాలి. అలా తట్టుకుంటూ ఏడాది పొడుగునా చోటు వదలని బ్యాక్టీరియా అక్కడి ఆల్చిప్పల మీద, నాచు మీద ఉండే అవకాశం ఉంది.