సంఘపు సరకునకు క్రొత్త కొనుగోలుదారులను వెదకుట

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని పెద్దలు చెప్పుదురు. బేరమునకును ఇదియే న్యాయము. మన సంఘము మేలైన మిరప పండించుచున్నదని గుంటూరు యార్డులోని కమీషనుదారునకు తెలియును. కాని ఆ కాయను పొడిచేసి అమ్ము కర్మాగారము వారికిని, దానినుండి రంగును ఘాటును తీయు పరిశ్రమవారికిని మన సంఘము పేరైనను తెలియదు. వారు కొనునది మన పంటయే కావచ్చును. అయినను టిక్కీ యార్డు దాటిన పిమ్మట అది ఎవరి కల్లములోనిదో చెప్పువారు లేరు.

ఈ కొఱతను కొంతవఱకు తీర్పగల సాధనము లింక్డ్‌ఇన్. ఉద్యోగులును వర్తకులును తమ వృత్తివివరములు ప్రకటించి పరస్పరము పరిచయము చేసికొను అంతర్జాల వేదిక యిది. అమెరికాలో 2003లో ప్రారంభమై, 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ వశమైనది. కొలువు వెదకుకొను పిల్లలకే ఇది పనికివచ్చునని మనవారి తలంపు. నిజమునకు, కర్మాగారములలో సరకు కొను అధికారులు పలువురు తమ పేరును, హోదాను, ఊరును అందు వ్రాసికొనియున్నారు. ఆ పేరు తెలిసికొనుటకే ఇదివఱలో నాలుగూళ్లు తిరుగవలసియుండెడిది.

ఆ వేదికయందు వ్యక్తికి వేరు, సంస్థకు వేరు పుటలు కలవు. కార్యదర్శి మొదట తన స్వంత పేర ఖాతా తెఱచి, పిమ్మట సంఘము పేర పుట నేర్పఱుపవలెను. 'మా మిర్చి శ్రేష్ఠము' అని వ్రాసిన లాభము లేదు. అందఱును అట్లే వ్రాయుదురు. తేజయా, 341 రకమా, ఎన్ని క్వింటాళ్లు, ఏ నెలలో సిద్ధమగును, పట్టాలపై ఆరబెట్టితిమా, తాలు వేరుచేసితిమా, తేమ యెంత అను సంగతులు వ్రాయవలెను. ఐరోపాకు ఎగుమతి చేయువారు అఫ్లాటాక్సిన్ అను బూజువిషమును గూర్చియు అడుగుదురు. అక్కడ ఎండుమిరపలో అది మొత్తము కిలోకు 10 మైక్రోగ్రాములు మించరాదు. పరీక్షాపత్రము చేతనున్న సంఘమే దీనికి జవాబు చెప్పగలదు.

పిమ్మట 'ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్' వంటి హోదాలతో వెదకవలెను. నూర్గురికి ఒకే జాబు పంపరాదు. చదువువారుండరు, ఖాతాయే నిలిచిపోవచ్చును. పదిమందిని ఎంచి, వారి వ్యాపారమేమో తెలిసికొని, ఈ తీరున వ్రాసిన చాలును: 'అయ్యా, మాది 120 మంది రైతుల సంఘము. తాలు తీసిన తేజ 300 క్వింటాళ్లు ఫిబ్రవరి చివరకు సిద్ధమగును. పరీక్షాపత్రములు కలవు. మచ్చు పంపుమందురా?'

జవాబు వచ్చినంతమాత్రమున బేరము కుదిరినట్లు కాదు. వాకిట నిలిచిన మనిషిని లోనికి పిలిచి మాటాడవలసినది మనమే. ఎవరు ఎప్పు డేమడిగిరో పుస్తకమున వ్రాసికొని, ఆనాడే బదులు చెప్పవలెను. మచ్చొకటి, సరకు మఱొకటి అయినచో ఆ వాకిలి మరల తెఱువబడదు. ఒక సభ్యుడు టిక్కీ అడుగున తాలు కలిపినను చెడునది సంఘమంతటి పేరు.

మోసగాండ్రును ఆ వేదికయందు తిరుగుచుందురు. పెద్ద బేరము చూపి, ఏదో రుసుమని ముందుగా మననే సొమ్ము పంపుమన్నవారిని నమ్మరాదు. కొనువాడు సొమ్మిచ్చును గాని అడుగడు. వారి జి.ఎస్.టి. సంఖ్యను ప్రభుత్వ పోర్టలులో సరిచూచి, చెల్లింపు షరతులను వ్రాతమూలముగా పొందిన పిమ్మటనే సరకు కదల్పవలెను.

యార్డును విడువుడని మేము చెప్పుటలేదు. నాటి ధర తెలియునది అక్కడనే. కాని ఒక్క బేరగాని మాటకు తలయొగ్గవలసిన రైతునకును, మఱొకని జాబు చేతనున్న రైతునకును భేదము కలదు. కావున సభ్యులు రాబోవు సమావేశమున ఈ విషయము చర్చించి, చదువుకొన్న యువకుని ఒకనిని కార్యదర్శికి తోడుగా నియమింతురని కోరుచున్నాము. కోత మొదలు కాకమున్నే ఈ పని ఆరంభింపవలెను.